తీగల మీద అరచెయ్యి

బుకొవెత్స్
1994 ఫిబ్రవరి 12

స్పాస్ కరాజోవ్‌కు,

నీ క్షేమ సమాచారాలు అడగడానికి రాయడం లేదు. నీకేం, జైల్లో వేళకింత తిండి, తల మీద కప్పు ఉన్నాయి. మా అక్క మట్టి కింద ఉంది. ఆ మట్టి మీద మోకాలి లోతు మంచు ఉంది.

ఆరు నెలలయింది. కోర్టుకు నేను రాలేదు. నువ్వున్న గదిలో కూర్చుని ఊపిరి తీసుకోవడం నా వల్ల కాదనిపించింది. అమ్మ ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చి, తలగుడ్డ విప్పి మేకుకు తగిలించి, "మూడేళ్ళు వేశారు" అని మాత్రం అంది. ఆ తర్వాత మా ఇంట్లో నీ పేరు ఎవరం ఎత్తలేదు.

పదేళ్ళు మాతో తిరిగావు. నాన్న పోయాక మేళాన్ని నడిపింది రుమ్యానా అక్కే. అది పాడేది, నేను గిటారు వాయించేదాన్ని, నువ్వు మైక్‌సెట్టు చూసుకునేవాడివి. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని తిరునాళ్ళు! నీ వ్యానులో, నీ భార్య స్టాంకా కట్టిచ్చిన ఆలుగడ్డ రొట్టెలు ముగ్గురం పంచుకుని తిన్నాం. నిన్ను అన్నా అని తప్ప పిలిచి ఎరగం.

ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. పాత మైకుకు ఏం రోగం వచ్చింది? అది కింద పడ్డా పలికేది, వానలో తడిసినా పలికేది. నువ్వు పనిగట్టుకుని వియన్నా వెళ్ళి ఆ కొత్తది తెచ్చావు. కండెన్సర్ అన్నావు. దీనికి కరెంటు ఇస్తేగానీ పలకదన్నావు. నోటి దగ్గర పెట్టుకునే వస్తువులోకి కరెంటు పంపిస్తారా ఎవరైనా? కరెంటు మైకు రుమ్యానాను మింగేసిందని ఊరంతా అంటోంది. నేనూ అదే అంటున్నాను.

ఆగస్టు పదిహేను, మేరీమాత తిరునాళ్ళు. పాట అయిపోయింది. అక్క ఎప్పటిలాగే నావైపు వంగి, ఇంకా మోగుతున్న గిటారు తీగల మీద ఎడమ అరచెయ్యి ఆనించింది. పాటను అది అలాగే ముగించేది. జనం దానికోసమే కాచుకుని ఉండి అప్పుడు చప్పట్లు కొట్టేవారు. ఆ రోజూ కొట్టారు. అక్క పడిపోయాక కూడా కాసేపు కొడుతూనే ఉన్నారు, అదీ ఆటలో భాగమే అనుకుని.

జవాబు రాయి.

రుమ్యానా చెల్లెలు
జ్లాత్కా

*

ప్లొవ్‌దివ్ జైలు
1994 ఫిబ్రవరి 27

జ్లాత్కా,

"చెల్లెమ్మా" అని మొదలుపెట్టి కొట్టేశాను. పైన మరక కనిపిస్తే ఏమనుకోకు. ఇక్కడ కాగితాలు లెక్కపెట్టి ఇస్తారు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ మైకులోకి నా సౌండు మిక్సర్ నుంచి వెళ్ళేది నలభై ఎనిమిది వోల్టులు, అదీ దారప్పోగంత. అది మనిషిని చంపదు. అక్క చేతిలో ఆ రోజు పాత మైకు ఉన్నా జరిగేది అదే. ఇది నేను తప్పించుకోవడానికి చెప్పడం లేదు. ఏ పాపం ఎరగని వస్తువు మీద ఊరు ఉమ్ముతుంటే ఊరుకోలేక చెబుతున్నాను.

ఆ మైకు ఎందుకు తెచ్చానో నీకు అక్క పూర్తిగా చెప్పలేదనుకుంటా. అంతకు ముందు శీతాకాలంలో ఇక్కడే ప్లొవ్‌దివ్‌లో డాక్టరు దాని గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. లోపల కాయలు కాశాయట, రైతు చేతులకు కాసినట్టు. "ఇలాగే అరిచి పాడితే రెండేళ్ళలో పాట పోతుంది. ఆ తర్వాత మాట కూడా పోతుంది" అన్నాడు. తిరిగొస్తుంటే వ్యానులో అక్క మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

పాత మైకు చెవిటి ముసలాయన లాంటిది. అరిస్తేనే వింటుంది. కొత్తదానిలో ఉండేది పల్చటి రేకు, ఊపిరి తగిలినా కదులుతుంది. మొదటిసారి మీ పశువుల కొట్టంలో దాన్ని చేతికిచ్చాను. అక్క మామూలుగా మాట్లాడుతున్నట్టు ఒక చరణం పాడింది. పాడి, మైకు వంక చూసి, "ఇది నన్ను అరవమనట్లేదన్నా" అంది. ఆ ముఖం నువ్వు చూడలేదు. గడ్డివాములోంచి మేకను తోలుతున్నావు.

కాబట్టి మైకును ఏమీ అనకు. తప్పు నాది. కోర్టులోనూ అదే చెప్పాను. ఇంతకు మించి అడక్కు.

స్పాస్

*

బుకొవెత్స్
1994 మార్చి 20

స్పాస్,

ఇంతకు మించి అడక్కా? చచ్చింది నా తోడబుట్టింది. నేను ఎంత అడగాలో నువ్వు నిర్ణయిస్తావా?

గొంతు సంగతి చదివి అమ్మకు చెప్పలేదు. పిల్ల నొప్పిని దాచుకుందని తెలిస్తే ఆవిడ ఇంకోసారి ఏడుస్తుంది. నేను మాత్రం నీ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకుని పొయ్యి దగ్గర నాలుగుసార్లు చదివాను.

మన మనోల్ మావయ్య గుర్తున్నాడుగా, మిల్లులో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. నువ్వు రాసింది ఆయనకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, "వాడు చెప్పింది నిజమే పిల్లా. ఆ కాస్త కరెంటుకు ఈగ కూడా చావదు" అన్నాడు.

"మరి మా అక్క ఎలా చచ్చింది?" అన్నాను.

"కరెంటు ఓ చేత్తో లోపలికొచ్చి ఇంకో చేత్తో బయటికి పోవాలే. కుడిచేతిలో మైకు. అది ఇనప గొట్టం, దాని తీగ పోయిపోయి ఎర్తులో కలుస్తుంది. అది పోయే దారి. మరి వచ్చే దారేదీ? ఎడమ చెయ్యి దేనిమీదుంది?"

నా గిటారు మీద ఉంది. నేను మధ్యాహ్నం నుంచీ ఆ తీగలనే మీటుతున్నాను, నాకేం కాలేదు అన్నాను. "నీవి రబ్బరు బూట్లు, నిలబడ్డది పొడి చెక్క మీద. నీలోంచి దానికి దారి లేదు" అన్నాడు ఆయన. ఆ చివరి పాట మధ్యలో గిటారు ఆంపు, అదే నా గిటారు చప్పుడు పెంచే పెట్టె, లోపల ఏదో కాలి, దాని రేకు డబ్బాకంతా, అక్కణ్ణించి వైరు వెంట గిటారు తీగలకూ కరెంటు పాకి ఉంటుందట. "అయినా ఎర్తు సరిగా ఉంటే ఫ్యూజు ఎగిరిపోయి బతికిపోయేది. ఎర్తెందుకు లేదో కోర్టు కాగితాల్లో రాసుంటారు. నువ్వు చదవలేదా?"

చదవలేదు. వచ్చే వారం స్మోల్యాన్ వెళ్ళి నకలు తెచ్చుకుంటాను.

ఇంకో సంగతి. మొన్న రొట్టెల దుకాణం వరుసలో స్టాంకా వదిన నా ముందు నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి దుకాణమామె గేనా, రొట్టెలు అయిపోయాయని చెప్పింది. వెనకున్న నాకు రెండిచ్చింది. వదిన నా ముఖంలోకి చూసింది. నేను తల తిప్పుకున్నాను. మీ ఇంటి కిటికీలు రెండుసార్లు పగలగొట్టారు. ఇప్పుడు వాటికి అట్టలు కొట్టి ఉన్నాయి. నీకు ఆమె రాసిందో లేదో.

జ్లాత్కా

*

ప్లొవ్‌దివ్ జైలు
1994 ఏప్రిల్ 3

జ్లాత్కా,

కిటికీల సంగతి స్టాంకా రాయలేదు. కూతురికి పళ్ళు వంకరగా వస్తున్నాయని రాసింది, కోడి పొదిగిందని రాసింది.

స్మోల్యాన్ వెళ్ళకు. ఈ రోజుల్లో ఆ రోడ్డు మంచిది కాదు, రాళ్ళు జారుతుంటాయి. అక్కడి గుమాస్తాలు మనిషిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెడతారు. తీరా ఇచ్చేది అర్థంకాని భాషలో ముప్ఫై పేజీలు. అవి చదివినంత మాత్రాన పోయిన మనిషి రాదు. నువ్వు మళ్ళీ గిటారు పట్టుకో. లేదంటే బడిలో పిల్లలకు నేర్పించు. అమ్మకు ఇంట్లో ఏదో ఒక చప్పుడు వినబడాలి.

నా సంగతి చెబుతాను. ఇక్కడ నాకు రేడియోలు బాగుచేసే పని ఇచ్చారు. ప్రార్థన గదిలో లౌడ్‌స్పీకరు గురగురమంటే నన్నే పిలిచారు. లోపల కందిరీగ గూడు పెట్టింది. పాదిరీ గారు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. ఎనిమిది నెలల తర్వాత.

ఆ కాగితాల జోలికి పోకు. పెద్దవాణ్ణి, ఒక్కసారి నా మాట విను.

స్పాస్

*

బుకొవెత్స్
1994 ఏప్రిల్ 19

స్పాస్ అన్నా,

చదివాను. పదకొండో పేజీ.

"గిటారు ఆంపు ప్లగ్గుకు ఇరువైపులా ఉన్న ఎర్తు పట్టీలపై ఇన్సులేషన్ టేపు చుట్టి ఉన్నది. దానిని తానే చుట్టినట్లు ముద్దాయి అంగీకరించాడు."

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని చదివాను. మూడుసార్లు చదివాను. పక్కన ఎవరో ముసలమ్మ "నీళ్ళు తాగుతావా తల్లీ" అంటోంది.

ఆ టేపు చుట్టింది నేను.

నీకూ తెలుసు. ఎర్ర టేపు. నా తీగలకు గుర్తుగా నేను తప్ప మన మేళంలో ఎర్ర టేపు వాడేవాళ్ళు లేరు.

ఆ మధ్యాహ్నం అక్క కొత్త మైకులో మెల్లగా పాట ఎత్తుకుంటే, దాని గొంతు కింద నా ఆంపు మోత గుంయ్‌మని వినిపించింది. పాత మైకుతో ఆ మోత ఎవరికీ తెలిసేది కాదు. ఈ మైకు అన్నీ వింటుంది కదా. అక్క రెండుసార్లు ఆపి నావైపు చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. ఎర్తు పట్టీలకు టేపు వేస్తే మోత పోతుందని ఈ కొండల్లో వాయిద్యం పట్టిన ప్రతివాడికీ తెలుసు. నాన్న చేసేవాడు. నేను పెళ్ళిళ్ళలో పదిసార్లు చేసి ఉంటాను. నువ్వు వ్యాను దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి చుట్టేశాను. మోత ఆగిపోయింది. అక్క నవ్వింది. అంతే. అర నిమిషం పని.

తర్వాత అది నాకు గుర్తుకే రాలేదు. మైకు, మైకు అని అందరూ అంటుంటే నేనూ మైకు అన్నాను. నీకు ఆ మొదటి ఉత్తరం రాశాను. రొట్టెల వరుసలో వదినను చూసి తల తిప్పుకున్నాను.

ఎందుకన్నా? ఎందుకు నీదని చెప్పావు?

జ్లాత్కా

*

ప్లొవ్‌దివ్ జైలు
1994 మే 1

చెల్లెమ్మా,

ఈసారి కొట్టేయడం లేదు.

నువ్వు అనుకుంటున్నట్టు నేను త్యాగం చేయలేదు. ఆ ఊహ మనసులోంచి తీసెయ్. ఇది మొత్తం చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

ఆ రోజు సాయంత్రం ఐదింటికి నేను వేదిక వెనక్కి వచ్చాను. గోడ దగ్గర ప్లగ్గు చూశాను. ఎర్ర టేపు చూశాను. నాకు చదువుంది, లైసెన్సు ఉంది. ఆ పట్టీలు ఎందుకుంటాయో నాకు తెలుసు. నీకు తెలియదు. వంగి, టేపు కొసను గోటితో పట్టుకున్నాను కూడా.

అప్పుడు అక్క ముందువైపు నిలబడి పాట మొదలుపెట్టింది. ఖాళీ కుర్చీల ముందు. ఆ మోత లేదు. దాని ఊపిరి నాకు నా మెడ మీద తగిలినట్టు వినిపించింది. ఇరవై ఏళ్ళు ఈ పని చేశాను, అటువంటి శబ్దం ఎన్నడూ నా చేతిలో పడలేదు. టేపు తీస్తే మోత మళ్ళీ వస్తుంది. ఈ ఒక్క సాయంత్రానికి ఉండనీ, రేపు ఆంపు విప్పి బాగుచేస్తా అనుకున్నాను. గోరు తీసేశాను.

నువ్వు తెలియక చుట్టావు. నేను తెలిసి వదిలేశాను. ఈ రెండూ ఒకటి కావు. న్యాయమూర్తి ఏ మాట రాసినా శిక్ష పడాల్సిన మనిషికే పడింది.

ఇక "నేనే చుట్టాను" అన్న సంగతి. దర్యాప్తు అధికారి టేపు చూపించి ఎవరిదని అడిగిన రోజున గది బయట మీ అమ్మ కూర్చుని ఉంది, రుమ్యానా బూట్లు ఒళ్ళో పెట్టుకుని. ఆస్పత్రివాళ్ళు ఇచ్చినట్టున్నారు. ఆవిడకు మిగిలింది నువ్వొక్కదానివే. నోట్లోంచి "నాదే" అని వచ్చేసింది. ఆలోచించి చెప్పింది కాదు.

ఇప్పుడు నువ్వు వెళ్ళి చెప్పినా ఎవరికీ మేలు జరగదు. అమ్మకు రెండో కూతురు కూడా పోతుంది. వద్దు.

స్పాస్

*

బుకొవెత్స్
1994 జూన్ 14

స్పాస్ అన్నా,

వెళ్ళాను.

దర్యాప్తు అధికారి మంచివాడే, కాఫీ ఇచ్చాడు. అంతా విని పెన్ను మూత పెట్టేశాడు. "చూడమ్మా, అక్క పోయిన దుఃఖంలో మనిషికి ఇలాంటివి తోస్తాయి. ఏడాది తర్వాత వచ్చి నేనే చేశానంటే నమ్మమంటారా? వాడు ఒప్పుకున్నాడు, శిక్ష పడింది. సాక్షి ఉన్నాడా మీకు?" అన్నాడు. లేడన్నాను. తలుపు దాకా వచ్చి గొంతు తగ్గించి, "వాడంటే మీకు ఇష్టమా?" అని అడిగాడు. కాఫీ ఆయన మొహాన కొట్టాలనిపించింది. అప్పటికే తాగేశాను.

నువ్వు వద్దన్నావు. నీకు కోపం వస్తుంది. రానీ. నీ మాట నేను ఎలా వినను? మా అమ్మకు కూతురు మిగలాలని నువ్వు అన్నావు సరే, నీ భార్యకు ఏం మిగిల్చావు? కిటికీలకు అట్టలు. నీ కూతుర్ని బడిలో ఏమని పిలుస్తున్నారో తెలుసా? నేను రాయను. ఇవన్నీ నీ ఒక్కడివి కావు ఇచ్చెయ్యడానికి. వాళ్ళను అడిగావా?

వదిన పోయిన శనివారం సామాను లారీకెక్కించి అసెనొవ్‌గ్రాద్‌లో వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళిపోయింది. సాయం చేద్దామని వెళ్ళి వీధి మలుపులోనే ఆగిపోయాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని పప్పు తింటాం. ఆవిడ నా గిన్నెలో ఇంకో గరిటె వేస్తుంది.

నేను చుట్టానని చూపించేది ఏదైనా, ఏదైనా ఉందా? నీకు తెలిసి ఉండీ దాస్తే, అన్నా, నేను బతికినన్నాళ్ళూ నిన్ను క్షమించను.

జ్లాత్కా

*

ప్లొవ్‌దివ్ జైలు
1994 జులై 10

జ్లాత్కా,

మూడు వారాలు నీ ఉత్తరం దిండు కింద ఉంది.

ఉంది. ఒక క్యాసెట్టు. ఆ సాయంత్రం మిక్సర్ నుంచి రికార్డు చేశాను, కొత్త మైకు ఎలా పలుకుతుందో ఇంట్లో మళ్ళీ వినాలని. పాటకూ పాటకూ మధ్య అక్క మైకును పెద్ద స్పీకర్లకు ఆపేసేవాణ్ణి. రికార్డరుకు ఆపలేదు. పాత మైకు అయితే జనం గోల తప్ప ఏమీ పడేది కాదు. ఇది మీ ఇద్దరి మాటలూ విన్నది. హెడ్‌ఫోన్లలో నేనూ విన్నాను.

పోలీసులు రాకముందే జేబులో వేసుకున్నాను. స్టాంకాకు ఇచ్చి, వినకుండా పొయ్యిలో పడెయ్యమన్నాను. ఆమె నా మాట కాదనే మనిషి కాదు. కాబట్టి అది బూడిదై ఉంటుంది. నువ్వు అడిగావు కనుక చెప్పాను, అంతే.

స్పాస్

*

బుకొవెత్స్
1994 సెప్టెంబరు 25

స్పాస్ అన్నా,

నీ భార్య నీ మాట కాదంది.

అసెనొవ్‌గ్రాద్ వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మిరపకాయలు కాలుస్తున్నట్టుంది, చేతులు నల్లగా ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. టేపు నాది వదినా, అన్నాను.

"తెలుసు" అంది.

"ఎప్పట్నించి?"

"పొయ్యి ముందు కూర్చున్నప్పట్నించి. వినకుండా తగలెయ్యమన్నాడు. నా మొగుణ్ణి తీసుకుపోయిందేందో వినకుండా ఎలా తగలెయ్యను?"

"మరి ఎందుకు ఊరుకున్నావు? ఊరు నిన్ను అన్ని మాటలంటుంటే..."

"ఆయన ఊరుకోమన్నాడు. నీ కోసం కాదులే, పొంగిపోకు." అలా అని లోపలికి వెళ్ళి, పిండి డబ్బాలోంచి క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. "రోజూ అనుకునేదాన్ని, ఈ పిల్ల ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అని. ఏడాది పట్టింది నీకు." తలుపు వేసేసింది. ఆ మాట నాకు తగినదే.

అమ్మ ముందు వినకూడదనుకున్నాను. కానీ దర్యాప్తు అధికారి దగ్గరికి వెళ్ళేముందు ఆవిడకు చెప్పకపోతే నేను మనిషిని కాదు. ఆదివారం గుడి నుంచి వచ్చాక కూర్చోబెట్టి చెప్పాను. టేపు, ప్లగ్గు, ఎర్తు, అంతా. అర్థమైందో లేదో తెలియలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. "పెట్టు, వింటాను" అంది.

వద్దమ్మా అన్నాను. "నేను కన్నాను దాన్ని. పెట్టు."

పెట్టాను. జనం గోల, ఎవడో తాగుబోతు ఈల. అక్క గ్లాసులో నీళ్ళు తాగిన చప్పుడు, గుటక కూడా. తర్వాత దాని గొంతు, ఇదిగో ఇక్కడ, అమ్మ భుజం పక్కన ఉన్నట్టు:

"ఆ మోత ఇంక రావట్లేదు కదే! మధ్యాహ్నం ఏం చేశావ్?"

"ప్లగ్గుకి టేపు చుట్టేశా. స్పాస్ అన్నకి చెప్పకు, తిడతాడు."

అక్క నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తు లేదన్నా. నేనన్న ఆ మాట కూడా గుర్తు లేదు.

తర్వాత పాట. మొదలుపెట్టే ముందు ఊపిరి తీసుకుంది. అమ్మ చటుక్కున క్యాసెట్టు పాడుతున్న రేడియో డబ్బా మీద చెయ్యి వేసింది, బిడ్డ ఛాతీ మీద వేసినట్టు. పాటంతా అలాగే ఉంది. పాట చివరికి వచ్చేసరికి నేను ఆపబోయాను. నా చెయ్యి తోసేసింది. అయిపోయేదాకా విన్నది. అందులో ఏముందో నేను రాయలేను. నువ్వు అక్కడే ఉన్నావు.

అమ్మ లేచి కోళ్ళకు గింజలు వేయడానికి వెళ్ళింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. వేళకు గిన్నెలో పప్పు పోసి పెట్టి, తన గిన్నె తీసుకుని అరుగు మీదికి వెళ్ళి తింటుంది.

క్యాసెట్టు మొన్న ఇచ్చేశాను. అధికారి రెండుసార్లు విని, పెన్ను మూత తీశాడు.

జ్లాత్కా

*

అసెనొవ్‌గ్రాద్
1995 జులై 20

చెల్లెమ్మా,

పోయిన నెలాఖరున వదిలేశారు. మళ్ళీ విచారణలో నీకు ఏడాదిన్నర శిక్ష వేసి, జైలుకు పంపకుండా ఆపారని వకీలు చెప్పాడు. అబద్ధం చెప్పినందుకు నన్ను చీవాట్లు పెట్టి, టేపు చూసి వదిలేశానని ఈసారి నేను ఒప్పుకున్న దానికి శిక్ష ఉంచి, కొంత తగ్గించారు. సరిగ్గానే తూచారు.

ఇక్కడ ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణంలో చేరాను. లైసెన్సు తీసేసుకున్నారు కాబట్టి వేదికల జోలికి పోను, ఇచ్చినా పోను. స్టాంకా నాతో అవసరానికి మాట్లాడుతుంది. నేను అన్నం తింటుంటే ఒక్కోసారి చూస్తూ కూర్చుంటుంది, ఈ మనిషెవరా అన్నట్టు. ఆమెను అడగకుండా రెండేళ్ళు ఇచ్చేశానని నువ్వు రాసిన మాట నిజం. అది ఇంకా ఇంట్లో మా మధ్యే ఉంది.

కోర్టు నుంచి మైకు పంపారు, అట్టపెట్టెలో చీటీతో. వియన్నా నుంచి తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, జాలీ దగ్గర మాత్రం చిన్న నొక్కు. స్మోల్యాన్ రేడియోలో పనిచేసే మనిషి ఒకడు అడిగితే ఇచ్చేశాను. ఇది ఎవరిదో అతనికి చెప్పాను. టోపీ తీసి, తీసుకున్నాడు.

వచ్చే నెల రుమ్యానా రెండో సంవత్సరీకం. నేను రావచ్చా? శ్మశానం గేటు బయట నిలబడతాను, అంతే. అమ్మను అడిగి రాయి. నీతో మాట్లాడుతోందా?

మీ స్పాస్

*

బుకొవెత్స్
1995 ఆగస్టు 17

స్పాస్ అన్నా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అప్పటికి పది నెలలకు పైగా ఆవిడ నాతో మాట్లాడలేదు. చదవడం అయ్యాక గోడ వంక చూస్తూ, నాతో కాదన్నట్టు, ఒక్క మాట అంది: "చూసి వదిలేసిన మనిషిని నేను చూడలేను. రావద్దని రాయి." అందుకే ముందు రాయలేకపోయాను. ఆలస్యమైంది, నువ్వు దారి చూసి ఉంటావు. నన్ను క్షమించు. ఆవిడను తప్పుపట్టకు.

నువ్వు అడిగావు కాబట్టి ఎలా జరిగిందో చెబుతాను.

ఊళ్ళో సగం మంది వచ్చారు. నాకోసం కాదు, అక్క కోసం, అమ్మ కోసం. గేనా ఇప్పుడు నాకు రొట్టె ఇవ్వడం లేదు. చుట్టాల ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాం. పాదిరీ గారు ధూపం వేశారు. అమ్మ సమాధి మీద వైన్ పోసింది. తర్వాత ఉడికించిన గోధుమల పళ్ళెం పట్టుకుని వచ్చినవాళ్ళ చేతుల్లో తలా చెంచా పెడుతూ వచ్చింది. అందరూ "దేవుడు క్షమించుగాక" అంటున్నారు.

నేను వరుస చివర, పరాయి ఊరివాళ్ళ వెనక నిలబడ్డాను. ఇంటి మనిషిగా పక్కన నిలబడే ధైర్యం లేకపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ అవుతుందని, తప్పించుకుంటానని అనుకున్నాను.

కాలేదు. అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. నేను చెయ్యి చాచాను. గోధుమలు పెట్టి, నా మణికట్టు పట్టుకుంది. నా ముఖంలోకి చూసింది. ఈ ఏడాదిలో మొదటిసారి.

"నిన్ను చూస్తే నాకు ఆ సాయంత్రమే కనబడుద్దే" అంది. జనం వింటున్నారు. ఆవిడకు పట్టలేదు. "నేను పోయేదాకా కనబడుద్ది. అది పోదు. అయినా మూలన దాక్కోకు. నా కళ్ళ ముందే తిరుగు."

అమ్మ నా చెయ్యి వదల్లేదు. పళ్ళెం చంకలో పెట్టుకుని, నన్ను అలాగే పట్టుకుని, అందరి మధ్య నుంచి గేటు దాకా నడిచింది.

జ్లాత్కా